యూరప్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులు: సలహా అమ్మడమా, సొంత డబ్బు దించడమా – ఏది మేలు?

తెలుగులో పరపతి అంటే అప్పు అనే అర్థమూ ఉంది, పలుకుబడి అనే అర్థమూ ఉంది. కంపెనీలకి బాండ్లు, షేర్ల ద్వారా డబ్బు సమకూర్చిపెట్టి, కొనుగోళ్లూ అమ్మకాల్లో సలహా ఇచ్చేవి ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులు. యూరప్‌లో లండన్ సంస్థ ఎస్.జి. వార్‌బర్గ్, రాత్‌చైల్డ్ రెండో అర్థాన్ని నమ్ముకున్నాయి. స్విట్జర్లాండ్ బ్యాంకు క్రెడిట్ సూయిజ్, జర్మనీకి చెందిన డాయిష్ బ్యాంక్ మొదటిదాన్ని.

వార్‌బర్గ్‌కి పేరెలా వచ్చిందో తెలియాలంటే 1963 జులై నాటి ఆటోస్ట్రాడే బాండు చూడాలి. మొదటి యూరోబాండుగా (ఒక దేశపు కరెన్సీలో, ఆ దేశం బయట అమ్మే అప్పు పత్రంగా) చెప్పుకునేది దీన్నే. విలువ 1.5 కోట్ల డాలర్లే. నిజానికి డబ్బు కావలసింది ఫిన్‌సైడర్ అనే ఉక్కు సంస్థకి. కానీ వడ్డీలో పన్ను కోయకుండా చెల్లించే వెసులుబాటు ఇటలీ రహదారుల సంస్థ ఆటోస్ట్రాడేకి ఉంది కాబట్టి బాండు దాని పేరు మీద వేశారు. బ్రిటన్‌లో జారీ చేస్తే అప్పట్లో 4 శాతం స్టాంపు డ్యూటీ పడేది. అందుకని ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్ విమానాశ్రయంలో జారీ చేశారు. బ్రిటన్ ఆదాయపు పన్ను తగలకుండా వడ్డీ చెల్లింపు లక్సెంబర్గ్‌లో పెట్టారు. అదే నెలలో, విదేశీ బాండ్లు కొనే అమెరికన్ల మీద అధ్యక్షుడు కెనెడీ పన్ను ప్రతిపాదించడంతో న్యూయార్క్‌కి వెళ్లాల్సిన గిరాకీ లండన్ వైపు మళ్లింది. ఇందులో వార్‌బర్గ్ పెట్టిన పెట్టుబడి చాలావరకు బుర్రే.

ఈ ఆటని మార్చింది ‘బాట్ డీల్’. పాత పద్ధతిలో బ్యాంకులన్నీ జట్టు కట్టి, కొనేవాళ్లని కనుక్కుని, ఆ తరవాతే ధర తేల్చేవి. 1980లలో క్రెడిట్ సూయిజ్ ఫస్ట్ బోస్టన్ (క్రెడిట్ సూయిజ్, అమెరికా సంస్థ ఫస్ట్ బోస్టన్ కలిసి నడిపిన సంస్థ) మాత్రం మొత్తం బాండుని ఖాయమైన ధరకి ముందే తానే కొనేసేది. కంపెనీకి ఒక్క ఫోనుతో పని అయిపోతుంది. మరి నష్టం వస్తే? 10 కోట్ల డాలర్ల అయిదేళ్ల బాండు అనుకుందాం. అమ్ముడయ్యేలోగా మార్కెట్ వడ్డీ అర శాతం పెరిగితే బాండు ధర సుమారు 2 శాతం పడుతుంది, అంటే 20 లక్షల డాలర్లు. అప్పటి ఫీజూ ఇంచుమించు అంతే. ఒక్క చెడ్డ వారం చాలు, ఫీజంతా హరించుకుపోతుంది. ఇది తట్టుకోవాలంటే మూలధనం కావాలి.

అది వార్‌బర్గ్ దగ్గర సరిపడా లేదు. లండన్ షేర్ మార్కెట్ కట్టుబాట్లు సడలించిన 1986 బిగ్ బ్యాంగ్ సంస్కరణల వేళ షేర్ బ్రోకర్లని కొని ఖర్చు పెంచుకుంది. 1994 డిసెంబరులో అమెరికా బ్యాంకు మోర్గాన్ స్టాన్లీతో విలీనం, వార్‌బర్గ్ చేతిలోని నిధుల నిర్వహణ సంస్థ మెర్క్యురీ అసెట్ మేనేజ్‌మెంట్ దగ్గర తెగిపోయింది. 1995లో 86 కోట్ల పౌండ్లకి స్విస్ బ్యాంక్ కార్పొరేషన్ చేతికి పోయింది.

మూలధనం దండిగా ఉన్నవాళ్లు బాగుపడ్డారా అంటే, అదీ లేదు. 1989లో ఫస్ట్ బోస్టన్ ఓహయో మ్యాట్రెస్ అనే పరుపుల కంపెనీ కొనుగోలుకి దాదాపు 45 కోట్ల డాలర్ల తాత్కాలిక అప్పు ఇచ్చి ఇరుక్కుంది. వాల్ స్ట్రీట్ దానికి ‘మండే మంచం’ అని పేరు పెట్టింది. ఆదుకోవడానికి క్రెడిట్ సూయిజే దిగాల్సి వచ్చింది. 2021లో ఆర్కెగోస్ అనే అమెరికా పెట్టుబడి సంస్థ దగ్గర క్రెడిట్ సూయిజ్ ఇదే తప్పు పెద్ద ఎత్తున చేసింది. స్వాప్ (షేర్ల లాభనష్టాలు మార్చుకునే ఒప్పందం) మొదలైన రోజు కట్టించుకున్న మార్జిన్ (హామీ సొమ్ము), షేర్లు పెరిగి బాకీ ఉబ్బినా అంతే ఉండిపోయింది. నష్టం 550 కోట్ల డాలర్లు. ఆ ఖాతా మీద అంతకు ముందు ఏడాది వచ్చిన ఆదాయం 2 కోట్లు కూడా లేదు. 2023 మార్చిలో 300 కోట్ల స్విస్ ఫ్రాంకులకి మరో స్విస్ బ్యాంకు యూబీఎస్ మొత్తం క్రెడిట్ సూయిజ్‌నే కొనడానికి ఒప్పుకుంది. స్విస్ బ్యాంక్ కార్పొరేషన్ ద్వారా వార్‌బర్గ్ చివరికి చేరిందీ యూబీఎస్‌లోకే. హైదరాబాద్‌లో యూబీఎస్ అంటే ఆఫీసు పేరుగానే తెలిసినవాళ్లకి, దాని కింద ఇన్ని పాత బోర్డులున్నాయని తట్టదు.

డాయిష్ సంగతి క్లుప్తంగా: 1989లో మోర్గాన్ గ్రెన్‌ఫెల్, 1999లో బ్యాంకర్స్ ట్రస్ట్ కొని పైకొచ్చింది. అమెరికా ఇంటి తాకట్టు బాండ్ల కేసులో 2017లో 720 కోట్ల డాలర్లకి రాజీ పడింది. 2019లో షేర్ల ట్రేడింగ్ మూసి 18,000 ఉద్యోగాల కోత ప్రకటించింది.

సూయజ్ కాలువ వాటాలు కొనడానికి 1875లో బ్రిటన్‌కి 40 లక్షల పౌండ్లిచ్చిన రాత్‌చైల్డ్, ఈ పోటీలోకి పెద్దగా దిగలేదు. 2004లో బంగారం ధర నిర్ణయించే బల్ల దగ్గర్నుంచి కూడా లేచిపోయింది. ఎక్కువగా కంపెనీల కొనుగోళ్లూ అమ్మకాల సలహాల మీదే బతికింది.

నా లెక్కలో పేరు నిలవడానికి రాత్‌చైల్డ్ దారే మేలు. కానీ కంపెనీ ఖజానా చూసేవాడికి మాత్రం ఆ తీర్పు సగమే పనికొస్తుంది. అమ్మాలా వద్దా, ఎంతకి అన్న ప్రశ్నకైతే అప్పివ్వని సలహాదారే నయం, ఎందుకంటే అప్పు అంటగట్టాలన్న ఆశ అతనికి లేదు. అదే సోమవారం నాటికి 50 కోట్ల డాలర్లు ఖాయం కావాలంటే పెద్ద బ్యాంకు గుమ్మమే తొక్కాలి.