పర్లాకిమిడిలో మూడు రోజుల కుటుంబ ధ్యాన కూటం: వెళ్లి వచ్చాక నా అభిప్రాయం

ఒడిశాలో మహేంద్రతనయ నది పక్కన ఉన్న పర్లాకిమిడిలో ఒక సంఘంవారు ఈ మధ్య 3 రోజుల కుటుంబ ధ్యాన కూటం జరిపారు. దేవుని రాజ్యాన్ని దేవుని కుటుంబంగా అర్థం చేసుకోవడం దాని అంశం. వసతికి, భోజనాలకు, ఒక చిన్న పాఠాల పుస్తకానికి కలిపి మనిషికి 500 రూపాయలు తీసుకున్నారు. గుణుపురం నుంచి నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, భర్తను పోగొట్టుకున్న మా పిన్ని కలిసి రైల్లో వెళ్లాం. గజపతి, రాయగడ జిల్లాల్లోని తెలుగు విశ్వాసులు ఇలాంటి కూటానికి వెళ్లే ముందు తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి కనుక ఇది రాస్తున్నాను.

ముందుగా బోధ గురించి చెప్పాలి, ఎందుకంటే ఆ 500 రూపాయలకు పదింతల విలువ అక్కడే దొరికింది. రాజ్యం అనగానే మన మనసులో కోట, సింహాసనం, దూరంగా చేతులు కట్టుకుని నిలబడిన ప్రజలు మెదులుతారు. గజపతి రాజుల భవనం ఇంకా కళ్లెదుటే ఉన్న ఆ ఊళ్లో ఈ ఊహ మరింత సహజం. బోధించిన అయ్యగారు మొదటి రోజంతా ప్రభువు నేర్పిన ప్రార్థనలోని వరుస ఒక్కటే వివరించారు. “నీ రాజ్యము వచ్చుగాక” అనడానికి ముందు మనం “మా తండ్రీ” అంటాం కాబట్టి, అక్కడ రాజ్యాన్ని అడుగుతున్నది రాజు ముందు నిలిచిన ప్రజలు కాదు, తండ్రి దగ్గరకు వచ్చిన పిల్లలు. లూకా 12:32లో కూడా చిన్న మందకు రాజ్యాన్ని అనుగ్రహించడం తండ్రికి ఇష్టమని ఉంది. రాజు ఇచ్చేది ఈనాము, తండ్రి ఇచ్చేది వారసత్వం అని ఆయన చెప్పిన మాట నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. మా తాతల కాలంలో ఈనాము భూములు ఎంత తేలిగ్గా చేతులు మారాయో ఇంట్లో వింటూ పెరిగినదాన్ని కనుక, ఆ తేడా నాకు వెంటనే తగిలింది.

రెండో రోజు రోమా 8:15లోని “దత్తపుత్రాత్మ” మీద నడిచింది. రోమీయుల చట్టంలో దత్తత వెళ్లినవాడికి కన్న కొడుకుతో సమానంగా వారసత్వం దక్కేది. పౌలు ఆ పోలిక ఎంచుకోవడంలోని బలం అదే. అదే వచనంలోని “అబ్బా” అన్న అరామిక్ పదానికి తండ్రి అని అర్థం. మన తెలుగులో కూడా “అబ్బ సొత్తు” అంటే తండ్రి ఆస్తేనని, నొప్పి కలిగితే మన నోటి నుంచి వచ్చేది కూడా “అబ్బా” అనేనని అయ్యగారు అన్నప్పుడు, ఆ రెండు భాషలకు చుట్టరికం లేదని తెలిసి కూడా, ఆ వచనం మొదటిసారి నాకు సొంత మాటలా వినిపించింది.

మార్కు 10:29, 30 వచనాల వివరణ అన్నిటికన్నా లోతైనది. ప్రభువు కోసం విడిచిపెట్టేవారి జాబితాలో తండ్రి ఉన్నాడు, నూరంతలుగా తిరిగి దొరికేవారి జాబితాలో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తల్లులు, పిల్లలు ఉన్నారు గాని తండ్రి లేడు. ఎందుకంటే ఆ కుటుంబానికి తండ్రి ఒక్కడే. ఎన్నోసార్లు చదివిన భాగంలో ఈ సంగతి నేను ఇంతవరకు గమనించలేదు.

అంత మంచి బోధకు నిర్వహణ తగినట్టు లేకపోవడం నన్ను నిజంగా బాధపెట్టింది. పేర్లు నమోదు చేసే కాగితంలో మొదటి గడి “కుటుంబ యజమాని పేరు”. అక్కడ పిన్ని కలం పట్టుకుని ఆగిపోయింది. ఆమెను మా కుటుంబంలో కలపమని అడిగితే, దంపతులు, పిల్లలు మాత్రమే ఒక కుటుంబమని చెప్పి, ఆమెకు విడిగా చీటీ రాసి, సభలో వెనక వరుసలో చోటు చూపించారు. పెళ్లికానివారు, ఒంటరివారు అందరూ ఆ వరుసలోనే ఉన్నారు. తల్లి, సహోదరులు బయట నిలిచి పిలిపించినప్పుడు చుట్టూ కూర్చున్నవారిని చూసి, దేవుని చిత్తం జరిగించేవారే నా తల్లి, నా సహోదరులు అని ప్రభువు చెప్పిన భాగాన్ని అదే సభలో చదివారు; ఆ వరుసను అప్పుడైనా ముందుకు పిలిచి ఉండవలసింది.

పాఠాల పుస్తకం తెలుగు లిపిలో మాత్రమే అచ్చువేయడం మరొక లోటు. మా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడినా బడిలో చదివేది ఒడియా, కాబట్టి ప్రతి పాఠమూ నేనే చదివి వినిపించాను. కొండ గ్రామాల నుంచి వచ్చిన సవర విశ్వాసులకు ఆ పుస్తకం అసలు ఉపయోగపడలేదు. గదులు శుభ్రంగా ఉన్నాయి, భోజనం బాగుంది.

చివరి రాత్రి ప్రేమ విందుకు మాత్రం అందరినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టారు. పిన్ని పక్కన ఒక సవర అమ్మాయి కూర్చుంది. ఇద్దరికీ ఉమ్మడిగా వచ్చినది కొద్దిపాటి ఒడియానే. ఆ అమ్మాయి తన ఆకులోని అరిసెను విరిచి సగం పిన్నికి పెడుతూ “మావుసీ” అని పిలిచింది. ఒడియాలో ఆ మాటకు అర్థం పిన్ని అనే.

బయలుదేరే ముందు కాగితంలోని ఆ గడి గురించి, వెనక వరుస గురించి, ఒడియా ప్రతి అవసరం గురించి నిర్వాహకులకు రాసి ఇచ్చాను. వారు ఓపికగా చదివి, వచ్చేసారి కాగితంలో పేరు, ఊరు మాత్రమే అడుగుతామని మాట ఇచ్చారు. బోధ కోసం తప్పక వెళ్లమని చెబుతాను; ఒంటరిగా ఉన్న పెద్దలను వెంట తీసుకువెళ్లేవారు మాత్రం కూర్చునే ఏర్పాటు గురించి ముందే అడిగి తెలుసుకోండి.