డెస్మోస్‌లో సైన్, కొసైన్ గ్రాఫులు: ఇంటర్ పిల్లలకు ఎంతవరకు పనికొస్తుంది?

కొసైన్(3ఎక్స్ + 5) + 7 పీరియడ్ (అల ఒకసారి పూర్తయ్యే దూరం) ఎంత అని అడిగితే హైదరాబాద్‌లో ఏ ఇంటర్ ఫస్టియర్ విద్యార్థి అయినా 2π/3 అని టక్కున చెబుతాడు. ఆ 5, ఆ 7 గ్రాఫ్‌ను ఎటు జరిపాయంటే చాలామంది తడబడతారు. సూత్రం బట్టీ పట్టడమే కానీ గీసి చూసే తీరిక ఉండదు మరి. ఈ లోటు తీర్చడానికి డెస్మోస్ గ్రాఫింగ్ కాలిక్యులేటర్ చాలా మంచి సాధనం. ఉచితం, లాగిన్ కూడా అక్కర్లేదు. గ్రాఫ్ దాచుకోవాలంటేనే ఖాతా కావాలి.

ముందు పైన కుడివైపున్న రెంచి గుర్తు నొక్కి రేడియన్స్ ఉందో లేదో చూసుకోండి. డిగ్రీల్లో ఉంటే మామూలు విండోలో సైన్ ఎక్స్ దాదాపు చదునైన గీతలా కనిపిస్తుంది, ఎందుకంటే సైన్ 10 డిగ్రీలు 0.17 మాత్రమే. అక్కడే ఎక్స్ అక్షం స్టెప్ π/2 అని ఇస్తే గుర్తులు π లెక్కన పడతాయి.

ఇక వై = ఏ సైన్(బి(ఎక్స్ − సి)) + డి అని కొట్టి, ఏ, బి, సి, డి నాలుగింటికీ స్లైడర్లు (జరిపితే విలువ మారే మీటలు) పెట్టుకోండి. ఒక్కసారికి ఒక్కటే కదపాలి. ఏ పెరిగితే అల ఎత్తు పెరుగుతుంది, మైనస్ అయితే తలకిందులవుతుంది. డి మొత్తాన్ని పైకీ కిందికీ జరుపుతుంది. ఈ రెండూ తేలికే.

చిక్కంతా పీరియడ్‌ను మార్చే బి, గ్రాఫ్‌ను పక్కకు జరిపే సి ల దగ్గరే. 3 సైన్(2ఎక్స్ − π/3) + 1 చూడండి. గ్రాఫ్ కుడికి π/3 జరిగిందని రాసేస్తారు. కానీ 2 ను బయటికి తీస్తే లోపల మిగిలేది ఎక్స్ − π/6, కాబట్టి జరిగింది π/6 మాత్రమే. పీరియడ్ 2π/2, అంటే π; అందులో పావు π/4. π/6 దగ్గర మొదలుపెట్టి పావు చొప్పున కలిపితే 5π/12, 2π/3, 11π/12, 7π/6 వస్తాయి. వాటి ఎత్తులు వరుసగా 1, 4, 1, −2, 1. ఈ అయిదు బిందువుల్ని ముందు కాగితం మీద వేసి, తర్వాత డెస్మోస్‌లో కొట్టి, చివరగా గ్రాఫ్ వేయండి. గీత అన్నింటి మీదుగా పోతే లెక్క సరే. స్లైడర్ ముందే ఆడిస్తే కళ్లకు ఇంపుగా ఉంటుంది కానీ పరీక్షలో చెయ్యి ఆడదు. ఈ సాధనంతో ఉన్న అసలు ప్రమాదం అదే.

స్లైడర్ హద్దు మొదట −10 నుంచి 10 వరకే ఉంటుంది. మన ఊరి పగటి నిడివినే గీయబోతే ఇది అడ్డొస్తుంది. హైదరాబాద్‌లో పగలు జూన్ 21 ప్రాంతంలో సుమారు 13 గంటల 10 నిమిషాలు, డిసెంబర్ 21 ప్రాంతంలో 11 గంటల 5 నిమిషాలు. సగటు దాదాపు 12.1 గంటలు, కంపన పరిమితి (సగటు నుంచి పైకీ కిందికీ ఊగే ఎత్తు) దాదాపు 1 గంట. కాబట్టి కొసైన్(2π/365 × (ఎక్స్ − 172)) + 12.1 సరిగ్గా కుదురుతుంది. ఎక్స్ అంటే ఏడాదిలో ఎన్నో రోజు అని; 172 అంటే జూన్ 21. సి స్లైడర్ హద్దు 0 నుంచి 365 కి మార్చాలి, విండోలో వై 10 నుంచి 14 పెట్టాలి. బి ని స్లైడర్‌తో వెతక్కండి, 2π/365 అని నేరుగా కొట్టేయండి; 0.017 దగ్గర వేలితో పట్టుకోవడం అసాధ్యం.

ఫోన్‌లో కీప్యాడ్ తెరిస్తే గ్రాఫ్‌కు చోటు మిగలదు. ల్యాప్‌టాప్ ఉంటే దాని మీదే చేయించండి.