ట్రాఫిక్‌లో హీటెక్కే ఇంజిన్, చేతిలో ఓబీడీ స్కానర్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, ఇంజిన్ హీటెక్కిపోతోందా? మెకానిక్ దగ్గరికి వెళ్లేముందు ఒక బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్ దగ్గరున్న వివరాలని ఫోన్‌కి పంపే పరికరం) కొనుక్కోండి. నా పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్‌లో కొన్నేళ్లుగా వాడుతున్నాను. నాది ఈఎల్ఎం327 అని రాసి ఉండే మామూలు రకం, అగ్గిపెట్టె సైజు, వెయ్యి రూపాయల లోపు దొరుకుతుంది. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో గుచ్చి, ఫోన్‌లో టార్క్ లాంటి యాప్ తెరిస్తే కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) టెంపరేచర్ డిగ్రీల్లో కనిపిస్తుంది. అది చూపించేవి ఇంకా చాలా ఉన్నాయి. నాకు మాత్రం పెట్టిన డబ్బంతా ఆ ఒక్క నంబర్‌తోనే గిట్టిపోయింది.

డ్యాష్‌బోర్డు ముల్లు ఉంది కదా అంటారేమో. చాలా కార్లలో ఆ ముల్లుని మధ్యలోనే నిలబడేలా సెట్ చేస్తారు. లోపల 85 ఉన్నా 100 ఉన్నా అది కదలదు. కదిలిందంటే అప్పటికే వ్యవహారం ముదిరిందన్నమాట. కొన్ని చిన్న కార్లలో ముల్లు కూడా ఉండదు, ఎర్ర లైటు ఒక్కటే దిక్కు.

మా బండి హైదరాబాద్‌లో కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి వైపు ఆఫీసు టైములో వెళ్తుంటే ఇబ్బంది పెట్టేది. బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గరికి వచ్చేసరికి ఏసీలోంచి వేడి గాలి వచ్చేది, కాసేపటికి ముల్లు పైకి లేచేది. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే మాత్రం ఏ సమస్యా లేదు. స్కానర్ పెట్టాక విషయం అంకెల్లో బయటపడింది. రేడియేటర్ ఫ్యాన్ బాగున్న బండి ఆగి ఉన్నప్పుడు నంబర్ మెల్లగా 97 దాకా ఎక్కుతుంది, ఫ్యాన్ హోరుమని తిరుగుతుంది, 92కి దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. కారుని బట్టి ఈ అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి గానీ ఈ ఎక్కడం, దిగడం మాత్రం ఉండాలి. మా బండిలో 97 దాటింది, 100 దాటింది, 103, 106. ఫ్యాన్ చప్పుడే లేదు. గ్రీన్ సిగ్నల్ పడి బండి కాస్త స్పీడందుకోగానే చకచకా 94కి వచ్చేసింది. ఔటర్ మీద ఎంతసేపు నడిపినా 90 దగ్గరే నిలబడింది.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే సగం రోగం తేలిపోతుంది. స్పీడుగా పోయేటప్పుడు ఇంజిన్ పుట్టించే వేడి ఎక్కువ. అప్పుడు కూడా 90 దాటడం లేదంటే వాటర్ పంపు తిప్పుతోంది, థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వు) తెరుచుకుంటోంది, రేడియేటర్ చల్లబరుస్తోంది అనే కదా. లోటు గాలి దగ్గర. ఆగి ఉన్న బండికి గాలి ఇచ్చేది ఫ్యాన్ ఒక్కటే, పైగా ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్‌కీ ఆ గాలే ఆధారం. అందుకే ముందు ఏసీ చల్లదనం తగ్గింది. ఇది ఉల్టాగా ఉంటే, అంటే ఊళ్లో బాగుండి హైవే మీద హీటెక్కితే, రేడియేటర్ లోపల పూడికనో, పంపునో, థర్మోస్టాట్‌నో అనుమానించాలి. కూలెంట్ బదులు బోరు నీళ్లు పోస్తూ పోతే లోపల సున్నం కడుతుంది, ఆ పూడిక అలా వచ్చేదే.

ఒక గ్యారేజీలో మెకానిక్ బానెట్ తెరిచీ తెరవక ముందే, "థర్మోస్టాట్ తీసేద్దాం సార్, మన ఎండలకి అది అక్కర్లేదు" అన్నాడు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. అది తీసేస్తే ఇంజిన్ సరైన వేడికి రావడమే ఆలస్యమవుతుంది, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, చాలా కార్లలో పీ0128 కోడ్ (ఇంజిన్ తగినంత వేడెక్కడం లేదని కారు కంప్యూటర్ నమోదు చేసే లోపం నంబర్) పడుతుంది. అసలు లోపం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. ఫోన్‌లో గ్రాఫ్ చూపించి, "అన్నా, ఔటర్ మీద 90 దాటట్లేదు, ఒకసారి ఫ్యాన్ సంగతి చూడు" అన్నాను. గ్రాఫ్ చూశాక ఇంక వాదించలేదు.

ఏసీ ఆన్ చేశాడు. ఫ్యాన్ తిరగాలి, తిరగలేదు. ఫ్యూజు బాగానే ఉంది. అదే నంబరున్న హార్న్ రిలే (కరెంటుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్) తీసి ఫ్యాన్ రిలే చోట పెట్టినా లాభం లేదు. కనెక్టర్ ఊడదీసి బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇచ్చినా ఉలుకూ పలుకూ లేదు. అప్పుడు స్క్రూడ్రైవర్ పిడితో మోటర్ మీద రెండు తట్లు తట్టాడు. గిర్రున తిరిగింది! మోటర్ లోపలికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగిపోయాయన్నమాట. బ్రష్‌లు మాత్రమే మార్చేవాళ్లు కూడా ఉన్నారు గానీ, బేరింగులు కూడా పాతబడే ఉంటాయి కాబట్టి సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొత్త మోటరే తెచ్చి వేయించాను. ఇప్పుడు మే నెల మధ్యాహ్నం ఏసీ వేసుకుని జామ్‌లో ఇరుక్కున్నా 97, ఫ్యాన్, 92. ఆ అంకెలు చూస్తూ కూర్చుంటే టెన్షన్ ఉండదు.

స్కానర్‌తో లోపాలూ ఉన్నాయి, కొనేవాళ్లు తెలుసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యమైనది: సెన్సర్ కొలిచేది కూలెంట్ వేడిని. ఎక్కడైనా లీకై కూలెంట్ పోయి సెన్సర్ చుట్టూ నీళ్లు లేకపోతే నంబర్ తక్కువే చూపించవచ్చు, అక్కడ ఇంజిన్ మాత్రం మాడిపోతుంటుంది. అందుకే పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు రిజర్వాయర్ డబ్బాలో లెవెల్ చూసుకోవడం మానకూడదు. ఇక కోడ్‌ల మీద మరీ ఆశ పెట్టుకోకండి. మా మోటర్ చచ్చిపోయినా ఒక్క కోడ్ కూడా పడలేదు. సాధారణంగా ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) రిలే దాకా ఉన్న సర్క్యూట్‌నే గమనిస్తుంది, ఫ్యాన్ నిజంగా తిరిగిందో లేదో దానికి తెలియదు.

యాప్‌లో 105 దగ్గర అలారం పెట్టుకున్నాను. అది మోగితే ఏసీ ఆపి, హీటరూ బ్లోయరూ ఫుల్లుగా పెట్టండి. చెమటలు పడతాయి గానీ హీటర్ కోర్ ఇంకో చిన్న రేడియేటర్‌లా పనిచేసి కాస్త ఊపిరి ఇస్తుంది. అయినా ఎక్కుతూనే ఉంటే పక్కకి తీసి ఇంజిన్ ఆపేయండి. రేడియేటర్ మూత జోలికి మాత్రం వెళ్లొద్దు. లోపల కూలెంట్ ప్రెషర్ మీద ఉంటుంది, మూత తిప్పగానే ప్రెషర్ పడిపోయి ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది.

సాకెట్‌లో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, కాబట్టి బండి రోజుల తరబడి తీయనప్పుడు స్కానర్ పీకేయండి, లేకపోతే బ్యాటరీ దిగుతుంది. నా దాంట్లో బ్లూటూత్ అప్పుడప్పుడు తెగిపోతుంది, పీకి మళ్లీ పెడితే సరి. ఐఫోన్ వాడేవాళ్లు పాత రకం బ్లూటూత్‌ది కొనకండి, దానితో కలవదు. వైఫైదో, బ్లూటూత్ ఎల్ఈదో తీసుకోండి. బయటికి పొడుచుకొచ్చే మోడల్ మోకాలికి తగులుతుంది, కురచది చూసి కొనండి.