టిఫా స్కాన్: కాళ్లూ చేతుల విషయంలో ఎంతవరకు నమ్మొచ్చు?

కడుపులోని బిడ్డ అవయవాలు సరిగా ఏర్పడ్డాయా అని చూసేందుకు ఐదో నెలలో డాక్టర్లు రాసే టిఫా స్కాన్ పొడవాటి ఎముకల విషయంలో మంచి పరీక్షే. వేళ్ల దగ్గరికొచ్చేసరికి అంతంతమాత్రం. "అంతా నార్మల్ అన్నారుగా, మరి ఈ ఆరో వేలేంటి?" అని కాన్పయ్యాక సెంటర్ మీద గొడవకు దిగేవాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. రెండు చేతులు, రెండు కాళ్లు, అరచేతులు, పాదాలు ఉన్నాయా అన్నదే అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం చూడాల్సింది. వేళ్లు లెక్కపెట్టడం అందులో తప్పనిసరి కాదు. బిడ్డ పిడికిలి బిగించి ఉంటే లెక్క తేలదు. చిటికెన వేలి పక్కన ఎముక లేకుండా వేలాడే చిన్న బుడిపైతే నిపుణుల కళ్లనూ దాటిపోతుంది.

స్కాన్ చేసేవారి పనితనం తెలిసేది ముంజేతి దగ్గర. అక్కడి రెండు ఎముకలూ మణికట్టు వద్ద దాదాపు ఒకే మట్టంలో ముగియాలి. బొటనవేలి వైపుండే రేడియస్ పొట్టిగా ఉన్నా, అసలే లేకపోయినా చెయ్యి అటే వంగిపోతుంది. అది కనిపించాక చేతితో ఆగకూడదు. గుండె, కిడ్నీలు, వెన్నెముక మళ్లీ చూడాలి. హోల్ట్ ఓరమ్, ఫాంకోని ఎనీమియా, ట్రైసోమీ 18 లాంటి జన్యు, క్రోమోజోమ్ సమస్యలు వెనకుండొచ్చు. రేడియస్ స్థానంలో రెండో అల్నా (చిటికెన వేలి వైపుండే ఎముక) ఉంటే అది మిర్రర్ హ్యాండ్: ఏడెనిమిది వేళ్లు, బొటనవేలు ఉండదు. చాలా అరుదు.

మూడో కాలు లాంటిది కనిపిస్తే ముందు తేల్చాల్సింది ఇంకో బిడ్డ సంగతి. తలలు, గుండెలు లెక్కేస్తారు. ఒక్క బిడ్డే అని తేలితే వెన్నెముక కింది భాగం, మూత్రాశయం కూడా జంటగా ఏర్పడ్డాయేమో వెతకాలి.

మోకాలి కింది ఎముకలు రెండూ నిలువునా కనిపించే చిత్రంలోనే అరికాలు మొత్తం కనబడితే వంకర పాదమని అనుమానం. పాదం గర్భసంచి గోడకు ఒత్తుకున్నా అలాగే ఉంటుంది కాబట్టి బిడ్డ కదిలాక మళ్లీ చూడాలి. తల్లిని కాసేపు నడిచి రమ్మని పంపే సెంటర్ మంచిదే, విసుక్కోవద్దు. తొడ ఎముక పొట్టిగా ఉంటే దాని పొడవును పాదం పొడవుతో భాగిస్తారు. 1 దగ్గర వస్తే మామూలే. 0.87 కన్నా తగ్గితే ఎముకల ఎదుగుదల లోపం వైపు ఆలోచించాలి.

3డి ఫొటోకు అదనంగా డబ్బు పెట్టే ముందు ఒకసారి ఆలోచించండి. చూడాల్సిన అవయవానికి ముందువైపు ఉమ్మనీరు చాలకపోతే చిత్రం రాదు. నీడ పడితే ఉన్న చెయ్యే తెగిపోయినట్టు కనిపిస్తుంది. నిర్ధారణ మామూలు 2డి స్కాన్‌లోనే జరగాలి.

18 నుంచి 22 వారాల మధ్య ఎప్పుడైనా చేస్తారు గానీ 19, 20 వారాలకే వెళ్లడం మేలు. తీవ్ర లోపం బయటపడితే గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ ప్రకారం 24 వారాల దాకా ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో గర్భస్రావానికి వీలుంది. ఆపైన మెడికల్ బోర్డు తేల్చాలి. ఖర్చు భారమైతే తెలంగాణలో 2022లో 44 ప్రభుత్వ ఆస్పత్రులకు 56 టిఫా యంత్రాలు ఇచ్చారు, అక్కడ ఉచితం.

రిపోర్టు చేతికిచ్చాక 'నాలుగు అవయవాలు కనిపించాయి' అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టుకోకండి. ముంజేతులు, పాదాలు రెండువైపులా చూశారా, ఏదైనా కనబడకపోతే కారణం రాశారా, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు అన్నది అక్కడే అడగండి.