వరద తీసిన ఇంట్లో మాజీ సైనికులు: టీమ్ రూబికాన్ సేవపై ఒక సమీక్ష

విపత్తు తర్వాత ఇళ్లు శుభ్రం చేసిపెట్టే స్వచ్ఛంద సంస్థలు అమెరికాలో చాలా ఉన్నాయి. వాటిలో మాజీ సైనికులు స్థాపించి నడుపుతున్న టీమ్ రూబికాన్ సేవను ప్రత్యేకంగా పరిశీలించవలసిన అవసరం ఉందని నేను భావిస్తున్నాను. వారు ఉచితంగా పనిచేస్తారన్నది నిజమే కానీ, ఉచితంగా పనిచేసేవారు ఇంకా ఉన్నారు. బలంగా, వేగంగా పనిచేస్తారన్నదీ నిజమే కానీ, ఆ రెండూ కూలికి వచ్చేవారి దగ్గరా దొరుకుతాయి. ఈ సేవ విలువంతా దాని క్రమంలో ఉంది. ఏ ఇంటికి ముందు వెళ్లాలి, ఇంట్లో ఏ పని ముందు చేయాలి, ఏ పని అసలు ముట్టుకోకూడదు అనే మూడు ప్రశ్నలకు సమాధానం తేల్చుకున్న తర్వాతే వారు పనిలోకి దిగుతారు.

2010 జనవరి 12న హైతీని 7.0 తీవ్రత గల భూకంపం కుదిపివేసినప్పుడు, అమెరికా మెరైన్ దళంలో పనిచేసి వచ్చిన జేక్ వుడ్, విలియం మెక్‌నల్టీ అనే ఇద్దరు ఒక చిన్న బృందాన్ని కూడగట్టుకుని, పొరుగునున్న డొమినికన్ రిపబ్లిక్ మీదుగా పోర్ట్ ఓ ప్రిన్స్ చేరి వైద్యసహాయం అందించారు. సంస్థ పుట్టుక అదే. 2012లో శాండీ తుపాను న్యూయార్క్ తీరాన్ని ముంచినప్పుడు వారి పని మొదటిసారి పెద్దయెత్తున సాగింది. 2015లో నేపాల్ భూకంపానికీ వెళ్లారు. ఈనాడు నమోదైన కార్యకర్తలు లక్షకు పైనే. వారందరూ సైన్యంలో పనిచేసినవారు కారు. అగ్నిమాపక సిబ్బంది, నర్సులు, సాధారణ పౌరులు కూడా అదే బూడిదరంగు చొక్కా వేసుకుని పనిచేస్తారు, బృంద నాయకుడి మాటను అదే విధంగా పాటిస్తారు.

2017 ఆగస్టు చివర హార్వీ తుపాను టెక్సస్ మీద విరుచుకుపడినప్పుడు కొన్ని చోట్ల 60 అంగుళాలకు పైగా వాన కురిసింది. హ్యూస్టన్ శివార్లలో మాకు తెలిసిన ఒక పెద్దావిడ ఇంట్లో మోకాలికి పైగా నీరు నిలిచింది. ఆ ఇంటి పనిని నేను దగ్గరుండి చూశాను. బూడిదరంగు చొక్కాల బృందం వచ్చిన వెంటనే పారలు పట్టుకుని లోపలికి జొరబడుతుందనుకున్న వారికి మొదటి గంట విసుగు పుట్టించి ఉండవచ్చు. బృంద నాయకుడు ముందుగా ఆవిడ చేత ఇంట్లో ప్రవేశానికి అనుమతిపత్రం మీద సంతకం చేయించుకున్నాడు. ఆవిడతో పాటు ప్రతి గది గుమ్మం దాకా వెళ్లి, ఏవి పారవేయవచ్చో, ఏవి ఆవిడ చూడనిదే కదపకూడదో ఒక్కొక్కటిగా అడిగి రాసుకున్నాడు. గ్యారేజీలో ఒక మూల పట్టా పరిపించి, కాగితాలు, మందులు, నగలు, ఫొటోలు, మూత తెరవని పెట్టెలు ఏవి దొరికినా అక్కడే పెట్టాలని అందరికీ చెప్పాడు. ఆవిడ తల ఊపేవరకు ఆ మూల నుంచి ఒక్క వస్తువు కూడా వీధిలోని చెత్తకుప్పకు చేరలేదు. సర్వం పోయిందన్న దిగులులో ఉన్న మనిషికి తన ఇంటి మీద తనకింకా అధికారం ఉందని అనిపించేలా చేయడం చిన్న విషయం కాదు. నా దృష్టిలో ఈ సేవలో అన్నిటికన్నా గొప్ప భాగం అదే.

తర్వాత సాగిన పని గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే వరద నీరు తీసిన ఇంటిని కడిగి ఆరబెడితే చాలునని చాలామంది అనుకుంటారు. అమెరికా ఇళ్లలో గోడలు సాధారణంగా చెక్క నిలువుకమ్మీలకు బిగించిన జిప్సం పలకలతో కడతారు. మనం షీట్‌రాక్ అని పిలిచే ఆ పలక నీటిని పైకి పీల్చుకుంటుంది కాబట్టి, గోడ మీద కనిపించే వరద గీత కన్నా తడి ఎప్పుడూ ఎత్తులోనే ఉంటుంది. పలక వెనుక దట్టించిన దూది వంటి పదార్థం ఆ తడిని పట్టుకుని వదలదు. ఒకటి రెండు రోజుల్లోనే బూజు మొదలవుతుంది. అందుకే నాలుగడుగుల ఎత్తున గీత గీసి, ఆ గీత కింద ఉన్న పలకను కోసి, వెనకనున్న దూదిని తీసి, తివాచీలను, ఉబ్బిన చెక్కనేలను పెకలించి, లోపలి కమ్మీలకు గాలి ఆడేలా చేస్తారు. ఫ్రిజ్‌ను మాత్రం తెరవరు. దాని తలుపును టేపుతో చుట్టి, అలాగే బయటికి మోస్తారు. బయట కూడా గోడ పలకలు ఒక కుప్ప, యంత్రాలు ఒక కుప్ప, రంగుల డబ్బాలూ రసాయనాలూ ఇంకొక కుప్ప. అన్నీ కలిపి పోస్తే పురపాలక వాహనం ఎత్తుకుపోవడానికి అభ్యంతరం చెప్పవచ్చు.

వీటన్నిటిలో నన్ను ఆగి చూసేలా చేసినది మేకుల పని. పలకలు ఊడదీసిన తర్వాత ఒక యువకుడు మోకాళ్ల మీద కూర్చుని, చేతి తొడుగుతో ప్రతి కమ్మీనీ కింది నుంచి పైకి తడుముతూ, మిగిలిపోయిన మేకునూ మరనూ ఒక్కొక్కటిగా పీకి డబ్బాలో వేశాడు. చూసేవారికి చాదస్తంగా తోచే పని అది. అయితే కమ్మీలో ఒక్క మేకు తల మిగిలినా రేపు కొత్త పలక సమంగా కూర్చోదు. ఆ పనికి తర్వాత వచ్చే వడ్రంగి గంటల లెక్కన కూలి తీసుకుంటాడు. తాము వెళ్లిపోయాక ఆ ఇంటికి ఎవరు వస్తారో, వారికి ఏమి కావాలో ముందుగా ఆలోచించి చేసే పని అరుదు.

ఆ ఇంట్లోనే వెనుక గది పైకప్పు తడిసి, పలక బరువుగా కిందికి జారి ఉంది. అదీ తీసిపెట్టమని ఆవిడ బతిమాలారు. నాయకుడు ఒప్పుకోలేదు. ఆ గదికి విద్యుత్తు నిలిపివేసినట్లు నిర్ధారణ కాలేదనీ, అది తేలేవరకు తన మనుషులను అక్కడికి పంపలేననీ మర్యాదగానే చెప్పి, ఆ విషయాన్ని పనిపత్రంలో రాసి, ఎవరిని పిలిపించాలో ఆవిడకు వివరించాడు. నిరాకరణ వల్ల ఆవిడ నొచ్చుకున్నారు, కానీ నిర్ణయం సరైనదే. జాలితో అన్నిటికీ సరేనని ఎవరికైనా దెబ్బ తగిలితే, మర్నాడు ఎదురుచూసే ఇంకో ఇంటికి ఆ బృందం వెళ్లలేదు. 1970లలో కాలిఫోర్నియా కార్చిచ్చుల అనుభవం నుంచి రూపొందిన సంఘటనా నిర్వహణ వ్యవస్థ అనే పద్ధతిని ప్రతి కార్యకర్తా ముందుగా నేర్చుకోవాలని సంస్థ నియమం పెట్టుకున్నది ఇందుకే. ఎవరు ఎవరికి జవాబుదారీయో అందులో స్పష్టంగా ఉంటుంది. సైన్యంలో పనిచేసి వచ్చిన వారికి ఆ పద్ధతి కొత్తగా అనిపించదు.

సేవ పొందేవారి సంగతి ఇంతవరకు చెప్పాను. సేవ చేసేవారి సంగతి కూడా అంత ముఖ్యమైనదే. యూనిఫాం విడిచిన తర్వాత చాలామంది మాజీ సైనికులకు జీతం కన్నా ముందు కరువయ్యేది తోటివారి సాంగత్యం, తనతో ఎవరికో పని ఉందన్న భావన. సంస్థ తొలి కార్యకర్తలలో ఒకరైన క్లే హంట్ ఇరాక్, అఫ్గానిస్థాన్‌లలో పనిచేసిన మెరైన్. హైతీలో చురుకుగా సేవ చేశాడు. 2011 మార్చిలో, 28 ఏళ్ల వయసులో ఆత్మహత్య చేసుకున్నాడు. మాజీ సైనికుల ఆత్మహత్యల నివారణకు ఆయన పేరుతో వచ్చిన చట్టం మీద 2015 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు సంతకం చేశారు. సేవా కార్యక్రమం మనిషికి ఎంత ఊతమిచ్చినా అది వైద్యానికి ప్రత్యామ్నాయం కాదని ఈ విషాదం గట్టిగా చెబుతోంది. మాజీ సైనికులను సేవకు పిలిచే ఏ సంస్థనైనా, ఆపదలో ఉన్న కార్యకర్తను సకాలంలో వైద్యుని దగ్గరకు చేర్చే ఏర్పాటు దానికి ఉందా లేదా అనేది చూసే నేను అంచనా వేస్తాను.

లోపాలు లేవని కాదు. పిలిచిన వెంటనే వస్తారని ఆశించకూడదు. వృద్ధులు, వికలాంగులు, బీమా లేనివారు, చేతిలో డబ్బు లేనివారు ముందు వరుసలో ఉంటారు. శరీరదారుఢ్యమూ బీమా ఉన్న కుటుంబానికి పిలుపు రాకపోనూవచ్చు. దీనిని నేను తప్పుగా ఎంచను గానీ, ఎదురుచూపులో విలువైన రోజులు పోగొట్టుకోవడం ప్రమాదం. రెండవది ఇంకా బరువైనది. పని ముగిసేసరికి ఇల్లు శుభ్రంగా ఉంటుంది, కానీ నివాసయోగ్యంగా ఉండదు. నాలుగడుగుల దాకా గోడలు లేని అస్థిపంజరాన్ని ఇంటివారికి అప్పగించి, బృందం మరో ఊరికి తరలిపోతుంది. హార్వీ తర్వాత హ్యూస్టన్‌లో ఇళ్ల పునర్నిర్మాణం కూడా సంస్థ చేపట్టింది, అయితే ఆ అవకాశం అన్ని చోట్లా, అందరికీ ఉండదు. ఈ సంగతిని మొదటి రోజే ఇంటివారికి ఇంకా విడమరిచి చెప్పాలి. సంతకం చేసే కాగితంలో ఉన్నంత మాత్రాన ఆ స్థితిలో ఉన్నవారికి అది తలకెక్కదు.

ఊరికి కలిగే మేలు ఒకటి అంతగా ప్రచారంలో లేదు. విపత్తు ప్రకటించిన ప్రాంతాల్లో అర్హత ఉన్న ప్రజా పనుల ఖర్చులో కనీసం 75 శాతాన్ని ఫెడరల్ ప్రభుత్వం భరిస్తుంది, మిగిలినది రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాలు చూసుకోవాలి. ఆ మిగిలిన వాటాలో, నియమాలకు లోబడి, స్వచ్ఛంద సేవకుల పనిగంటలను కూడా జమకట్టుకోవచ్చు. కాబట్టి బృందాలు వచ్చిన సమయం, వెళ్లిన సమయం, పేర్లు, చేసిన పని రాసిపెట్టడం వట్టి లాంఛనం కాదు.

ఈ సేవను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. కోరుకునేవారు అనేక సంస్థలు ఉమ్మడిగా వాడే క్రైసిస్ క్లీనప్ సహాయవాణి ద్వారా, లేదా స్థానిక అత్యవసర కార్యాలయం ద్వారా పేరు నమోదు చేసుకోవాలి. ఇల్లు 1978కి ముందు కట్టినదైతే గోడరంగులో సీసం ఉండవచ్చు కనుక ఆ సంగతి మొదటే చెప్పాలి. బీమా ఉన్నవారు ప్రతి గదిలోనూ వరద గీత కనిపించేలా ఫొటోలు తీసి, పారవేయబోయే యంత్రాల క్రమసంఖ్యలు రాసుకుని, ఆ తర్వాతే గోడ మీద రంపం పెట్టనివ్వాలి.