బ్రేక్ లీవర్ పట్టేస్తోందా? పిస్టన్ శుభ్రమా, బ్లీడింగా, కొత్త క్యాలిపరా: ఏది మేలు?

నొక్కి వదిలిన లీవర్ ఠక్కున వెనక్కి రావాలి. హైడ్రాలిక్ (ఆయిల్ ఒత్తిడితో పనిచేసే) డిస్క్ బ్రేకులున్న రోడ్ బైక్‌లో, అంటే రోడ్డు సైకిల్లో, అది మెల్లగా వస్తోందంటే చాలామంది నేరుగా షాపుకెళ్లి బ్లీడింగ్ చేయించేస్తారు. చాలాసార్లు ఆ డబ్బు దండగే. బ్లీడింగ్ తీసేది బ్రేక్ ఆయిల్ లైన్లో చేరిన గాలిని. గాలి ఉంటే లీవర్ మెత్తబడి హ్యాండిల్‌బార్ దాకా పోతుంది తప్ప పట్టెయ్యదు. పట్టెయ్యడం ఎక్కువగా రాపిడి వల్లే. అది ఎక్కడుందో తేలాకే ఖర్చు.

ముందు లీవర్ బాడీకి తొడిగిన రబ్బర్ హుడ్ చూడండి. దాని అంచు మడతపడి లీవర్‌కి అడ్డుపడుతోందేమో, కింద పడ్డప్పుడు లీవర్ వంగి బాడీకి తగులుతోందేమో గమనించండి. తర్వాత పివట్ (లీవర్ తిరిగే పిన్) దగ్గర ఒక్క చుక్క పల్చటి నూనె వేసి, మిగిలింది తుడిచి పదిసార్లు నొక్కండి. వదులైందా, పని అయిపోయినట్టే. చెన్నైలో, ముఖ్యంగా సముద్రం పక్కనుండే ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద తిరిగే బైకులకి, ఉప్పుగాలి, చెమట కలిసి ఆ పిన్‌ని పట్టేస్తాయి. స్ప్రే మాత్రం కొట్టొద్దు, తుంపర డిస్క్ మీద పడితే ప్యాడ్లు పాడవుతాయి.

అప్పటికీ మార్పు లేకపోతే చక్రం తీసి క్యాలిపర్ (డిస్క్‌ని ప్యాడ్లతో పట్టే భాగం) వైపు వెళ్లండి. అందులో ప్యాడ్‌ని డిస్క్ మీదికి తోసేది పిస్టన్. దాన్ని వెనక్కి లాగేది ప్రధానంగా దాని చుట్టూ ఉన్న రబ్బర్ సీల్. నొక్కినప్పుడు మెలిపడి, వదిలినప్పుడు మళ్లీ సర్దుకుంటూ పిస్టన్‌ని లాక్కుంటుంది. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు బయటికి జరుగుతాయి, ఆ బయటి భాగం మీద దుమ్ము, ప్యాడ్ పొడి గట్టిపడతాయి. సీల్ ఆ మురికి మీద జారలేదు. ఒక పిస్టన్ కదిలి రెండోది కదలకపోతే డిస్క్ ఒకవైపే రాసుకుంటుంది, క్యాలిపర్ ఎన్నిసార్లు సరిచేసినా మళ్లీ అదే.

మూడింట్లో ముందు ఎంచుకోవాల్సింది ఈ శుభ్రమే. ప్యాడ్లు తీసి శుభ్రమైన కాగితం మీద పెట్టండి. ఒక పిస్టన్‌ని ప్లాస్టిక్ టైర్ లీవర్‌తో అదిమి పట్టి, బ్రేక్ లీవర్ కొద్దికొద్దిగా నొక్కుతూ రెండోదాన్ని 2-3 మిల్లీమీటర్లు బయటికి తెండి. అంతకు మించొద్దు, పిస్టన్ ఊడితే ఆయిలంతా బయటికే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన ఇయర్‌బడ్‌తో చుట్టూ తుడవండి. చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌లో సర్క్యూట్ బోర్డుల కోసం అమ్మేది సరిపోతుంది. పెట్రోలు వద్దు. తర్వాత లైన్లో ఉన్న ఆయిలే ఒక చుక్క రాయండి: షిమానో రోడ్ బ్రేక్ అయితే మినరల్ ఆయిల్, స్రామ్ రోడ్ బ్రేక్ అయితే డాట్ 5.1 బ్రేక్ ఫ్లూయిడ్. ఇవి తారుమారైతే సీళ్లు ఉబ్బి మొత్తం పట్టేస్తుంది. ఐదారుసార్లు లోపలికి తోసి, బయటికి తెచ్చి, మిగిలిన ఆయిల్ తుడిచెయ్యండి. తోసేటప్పుడు స్క్రూడ్రైవర్ వాడితే కొన్ని పిస్టన్లు పగులుతాయి.

బ్లీడింగ్ ఎప్పుడు న్యాయం? లీవర్ మెత్తగా ఉన్నా, ఆయిల్ నల్లబడినా, అరిగిన ప్యాడ్లతో ఉండగా రిజర్వాయర్ (లీవర్‌లోని ఆయిల్ తొట్టి) నింపేసినా. ఈ చివరిది తెలియక చేసేవాళ్లు చాలామంది. ప్యాడ్లు మార్చాక ఆయిల్ ఎక్కువై లీవర్ గట్టిపడుతుంది, మే నెల ఎండలో బైక్ నిలబెడితే ఆయిల్ ఇంకా వ్యాకోచించి ప్యాడ్లు డిస్క్‌కి రాసుకుంటాయి. అందుకే పిస్టన్లు పూర్తిగా లోపలికి తోసి, ప్యాడ్ల స్థానంలో బ్లీడ్ బ్లాక్ అనే ముక్క పెట్టాకే బ్లీడ్ చేయాలి. డాట్ తేమని పీల్చుకుంటుంది; కొత్తగా 260 డిగ్రీల సెల్సియస్ దాకా మరగనిది, తేమ చేరాక 180కే మరగొచ్చు. చెన్నై ఉక్కలో ఏడాదికోసారి మార్చడం మంచిది. షాపులో డాట్ 5 అంటగడితే తీసుకోవద్దు, అది సిలికాన్, వేరే సరుకు. డాట్ పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి.

కొత్తది కొనడం ఆఖరు. పిస్టన్ చుట్టూ ఆయిల్ చెమ్మగా ఊరుతుంటే సీల్ పోయినట్టే. షిమానో క్యాలిపర్ సీళ్లు విడిగా అమ్మదు, క్యాలిపరే మార్చాలి, ఆయిల్ తాగిన ప్యాడ్లు కూడా. పిస్టన్లు స్వేచ్ఛగా కదులుతూ, పివట్ తేలిగ్గా ఆడుతూ, హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటు) దగ్గర హోస్, అంటే ఆయిల్ గొట్టం, ఎక్కడా నలగకుండా ఉండి కూడా లీవర్ మెల్లగానే వస్తోందంటే లోపం లీవర్ లోపల ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్‌లో. అది క్యాలిపర్ కంటే బాగా ఖరీదు, అందుకే మిగతావన్నీ తేలాకే ఆ మాట.

ఏది మార్చినా హోస్ కలిపేచోట ఆలివ్, ఇన్సర్ట్ (లీక్ కాకుండా బిగించే చిన్న ముక్కలు) కొత్తవే వేయాలి. షిమానో ఫ్లాట్ మౌంట్ (ఫ్రేమ్‌కి ఆనించి బిగించే) క్యాలిపర్ బోల్టులు 6-8 న్యూటన్ మీటర్లకి బిగించండి. ప్యాడ్లు కొత్తవైతే ఖాళీ రోడ్డు మీద మోస్తరు వేగంతో వెళ్తూ, ఆగే దాకా పోకుండా, ఇరవైసార్లు గట్టిగా బ్రేక్ పట్టి వదలండి.