బోరబండలో ఒంటి గదా, పటాన్‌చెరు అవతల రెండు గదులా?

హైదరాబాద్‌లో ఇళ్లలో పనిచేసేవారు, కాపలాదారులు, దుకాణాల్లో కుదిరినవారు ఇల్లు వెతికేటప్పుడు తరచూ ఈ రెండింటి మధ్యే నలుగుతారు.

బోరబండ, రహమత్‌నగర్ గల్లీల్లో తక్కువ అద్దెకు దొరికేది ఒంటి గది. వంట ఒక మూలన, మరుగుదొడ్డి నాలుగు కుటుంబాలకు ఉమ్మడి. పైన రేకులైతే మే నెల మధ్యాహ్నం లోపల కూర్చోలేరు. కానీ ఇళ్లలో పని దొరికే సంపన్నుల పేట జూబ్లీహిల్స్‌కు నడిచో, షేర్ ఆటోలోనో వెళ్లిపోవచ్చు. పొద్దున ఒక ఇంట్లో, సాయంత్రం మరో ఇంట్లో పనిచేసే తల్లి మధ్యలో వచ్చి పిల్లలకు ఇంత అన్నం పెట్టగలదు. ఆ వీలుకు వెల కట్టలేం.

నగరం పశ్చిమ శివారున ఉన్న పటాన్‌చెరు దాటితే అదే డబ్బుకు రెండు గదుల పోర్షన్, గాలీ వెలుతురూ. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం. మగవారికి మాత్రం పాసు ఖర్చు తప్పదు. ట్రాఫిక్‌లో పోయే గంటలు ఇద్దరికీ సమానమే.

ఎక్కడ చేరినా ముందు కరెంటు మీటరు చూడండి. రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల వరకు కరెంటు ఉచితం, అర్హులైన అద్దెదారులకు కూడా. యజమాని సొంతంగా సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కు ఇంత అని వసూలు చేస్తుంటే ఆ మేలు మీదాకా రాదు. అడ్వాన్సు ఇచ్చేముందే పాత బిల్లు అడగండి, ఇచ్చిన సొమ్ముకు రసీదు రాయించుకోండి.

చిన్నపిల్లలుండి, పని జూబ్లీహిల్స్‌లోనే అయితే నేను ఒంటి గదికే మొగ్గుతాను. పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో పని దొరికితే మాత్రం అటే వెళ్లాలి.